వర్కౌట్ అయ్యాక ఒట్టికాళ్ళ నడకా, చన్నీళ్ళా: ఎవరికి ఏది

ఉదయం ఏ గ్రౌండ్‌కి వెళ్ళినా ఇప్పుడు రెండు వర్గాలు కనిపిస్తున్నాయి. పరుగు అయిపోగానే బూట్లు విప్పేసి గడ్డిలో చుట్లు కొట్టేవాళ్ళు ఒక వర్గం. ఇంటికెళ్ళి ఐసు వేసిన డ్రమ్ములో కూర్చుంటామనేవాళ్ళు ఇంకో వర్గం. రెండింటికీ వాళ్ళు పెట్టే పేరు మాత్రం ఒకటే, రికవరీ. ఇద్దరి మాటలూ విన్నవాళ్ళకి ఏది మొదలుపెట్టాలో తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవి ఒకే పని చేసే రెండు పద్ధతులు కావు. చన్నీళ్ళు నొప్పిని కొంత తగ్గిస్తాయి, కొన్ని సందర్భాల్లో మాత్రం వ్యాయామం వల్ల రావలసిన లాభాన్ని కూడా కొంత కోసేస్తాయి. ఒట్టికాళ్ళ నడకలో ఒంటికి హాయినిచ్చేది నడక. చెప్పులు లేకపోవడమనేది పాదానికి మనం అదనంగా అప్పజెప్పే పని. దాన్ని కసరత్తు లెక్కలోనే వేసుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మళ్ళీ ఎప్పుడు ఒళ్ళు వంచాలి? రేపు పొద్దున్నే ఇంకో మ్యాచ్ ఉన్నవాళ్ళ అవసరం వేరు, ఎల్లుండి దాకా ఖాళీగా ఉన్నవాళ్ళ అవసరం వేరు.

రెండోది, దేనికోసం చేస్తున్నారు? కండ, బలం పెరగడానికా, ఎక్కువ దూరం పరిగెత్తడానికా? చన్నీళ్ళ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే.

మూడోది, నొప్పి ఎక్కడ? రెండు తొడల్లో, రెండు పిక్కల్లో సమానంగా పరుచుకున్న నొప్పి ఒక రకం. మడమలోనో మోకాలి పక్కనో వేలు పెట్టి "ఇదిగో ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి ఇంకో రకం. రెండోదానికి ఈ వ్యాసంలో మందు లేదు.

ఇక షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా అన్నది నాలుగో ప్రశ్న. ఖర్చు, తంటా ఐదోది.

## అసలు ఆ నొప్పి ఎందుకొస్తుంది

అలిపిరి మెట్లే తీసుకోండి. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. కానీ మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకునేది ఎక్కువగా మెట్లు దిగివచ్చినవాళ్ళు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుతూ ఉండాలి. ఆ పనిలో కండరపు పోగులకి సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. ఆ తర్వాత వచ్చే వాపు, బాగుచేత వల్ల నొప్పి పుడుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య అది బాగా ఎక్కువగా ఉండి, తర్వాత దానంతటదే పోతుంది.

దీనికి లాక్టిక్ యాసిడ్ కారణమని జిమ్ముల్లో ఇంకా చెబుతూనే ఉన్నారు. వ్యాయామం ఆపాక గంట, గంటన్నరలోపే లాక్టేట్ (ఒంట్లో ఆ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి దానితో పనిలేదు. కాబట్టి "యాసిడ్‌ని కరిగించే" పద్ధతి అని ఎవరైనా దేన్నైనా అమ్మజూపితే అక్కడే ఆగిపోవచ్చు.

ఆ వాపు శత్రువేమీ కాదు, బాగుచేతలో అదీ ఒక భాగం. కండ పెరగడానికి ఒంటికి అందే కబురులో కూడా దానికి పాత్ర ఉంది. చన్నీళ్ళతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

## ఒట్టికాళ్ళ నడక

పాశ్చాత్యుల సలహాలు చదివేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. అవి రోజంతా బూట్లలో బతికేవాళ్ళకి రాసినవి. మనం ఇంట్లో ఎలాగూ చెప్పుల్లేకుండానే తిరుగుతాం, గుడికీ అలాగే వెళ్తాం. అందుకని వాళ్ళకి కొత్తగా కనిపించే లాభంలో కొంత మనకి ముందే ఉంది. నష్టం కూడా ఉంది: టైల్స్, గ్రానైట్ నేల మీద వంటింట్లో గంటల తరబడి నిలబడే ఆడవాళ్ళని మడమ నొప్పి గురించి అడిగి చూడండి.

చెప్పులు తీసేస్తే ఏం మారుతుంది? అడుగు చిన్నదవుతుంది. అరికాలి లోపలి చిన్న చిన్న కండరాలకి పని పడుతుంది. పిక్క మీద, మడమ వెనకుండే స్నాయువు మీద బరువు పెరుగుతుంది. పల్చటి అట్ట ఉన్న బూట్లతో కొన్ని నెలలు నడిచినవాళ్ళలో పాదం బలం పెరిగినట్టు అధ్యయనాలు ఉన్నాయి. ఇది నిజమైన లాభం, కాదనను. అయితే నెలల మీద వచ్చేది. నిన్నటి స్క్వాట్ల నొప్పిని ఈ పూట తీసేసేది కాదు.

తొందరపడితే ఏమవుతుందో కూడా తెలుసు. 2013లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో మామూలు బూట్లతో పరిగెత్తేవాళ్ళని 10 వారాల్లో వేళ్ళ తొడుగుల్లాంటి పల్చటి బూట్లకి మార్చారు. పాత బూట్లతోనే ఉన్నవాళ్ళకంటే వీళ్ళ పాదాల ఎముకల్లో ఒత్తిడి గుర్తులు ఎక్కువగా కనిపించాయి. అదీ పరుగు, నడక కాదు. అయినా హెచ్చరిక ఒకటే, పాదం మెల్లగా అలవాటుపడుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి ఇది అనుభవమే. మొదటి వారం రాయి తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది, తర్వాత అరికాలి చర్మం గట్టిపడి పట్టించుకోరు. చర్మం వారాల్లో గట్టిపడుతుంది. ఎముకకీ స్నాయువుకీ నెలలు కావాలి. నొప్పి తెలియడం మానేసింది కదా అని దూరం పెంచేస్తే అక్కడే దెబ్బతింటాం.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా చెప్పుల్లేకుండా పరిగెత్తి గెలిచాడని ఒట్టికాళ్ళ అభిమానులు చెబుతుంటారు. నిజమే. 1964 టోక్యోలో ఆయనే బూట్లు వేసుకుని, అంతకంటే తక్కువ సమయంలో పరిగెత్తి మళ్ళీ గెలిచాడు. ఆ సగం ఎవరూ చెప్పరు.

భూమిలోంచి ఎలక్ట్రాన్లు పాదంలోకి వచ్చి వాపు తగ్గిస్తాయనే "ఎర్తింగ్" వాదన సంగతి. దాని మీద ఉన్న అధ్యయనాలు చిన్నవి. వాటిలో కొన్నిటిని చేసినవాళ్ళకి "ఎర్తింగ్" పేరుతో చాపలు, దుప్పట్లు అమ్మే సంస్థలతో సంబంధాలున్నాయి. గడ్డిలో నడిస్తే హాయిగా ఉంటుంది, ఆ హాయి చాలు. దానికి కరెంటు తగిలించక్కర్లేదు.

మన పార్కుల్లో గులకరాళ్ళు పరిచిన ఆక్యుప్రెషర్ దారులు ఉంటాయి. 2005లో అమెరికాలోని ఆరెగన్‌లో అరవై దాటినవాళ్ళని గులకరాళ్ళలాంటి చాపల మీద నడిపించి చూస్తే బ్యాలెన్స్, బీపీ కొంత మెరుగయ్యాయి. వ్యాయామం తర్వాతి నొప్పికి దానితో సంబంధం లేదు. లాంగ్ రన్ చేసి అరికాళ్ళు మండుతున్న రోజున ఆ దారి ఎక్కకండి.

ఎక్కడ నడవాలంటే, తెలిసిన గడ్డి మైదానం, తడి ఇసుక. బీచ్‌లో నీటి అంచున గట్టిగా ఉండే ఇసుక మేలు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి పిక్కలకి ఇంకో వర్కౌట్ అవుతుంది. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు, సీసా పెంకులు ఉన్న గ్రౌండ్‌లో వద్దు. మలవిసర్జన జరిగే చోట తడి నేలలో కొంకిపురుగుల లార్వాలు చర్మంలోంచే లోపలికి వెళ్తాయి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ముందు అది చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటాక తారు రోడ్డు మీద ప్రయోగాలు అసలే వద్దు.

మొదట పది నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు. పొద్దున లేవగానే మడమ కింద మొదటి అడుగు నొప్పిగా ఉంటే ఆపేయాలి.

## చన్నీళ్ళు: ఎంత చల్లన, ఎంతసేపు

"చన్నీళ్ళు" అని ఒక్క మాటలో అంటాం గానీ, పరిశోధనల్లో వాడే నీళ్ళు సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీలు. సమయం 10 నుంచి 15 నిమిషాలు, నడుము దాకా లేదా ఛాతీ దాకా. 2012లో కోక్రేన్ సంస్థ 17 చిన్న అధ్యయనాలు, 366 మందిని కలిపి చూసి, ఊరికే కూర్చోవడం కంటే ఇది తర్వాతి రోజుల నొప్పిని తగ్గిస్తుందని తేల్చింది. "ఊరికే కూర్చోవడం కంటే" అన్నది గమనించండి. మెల్లగా సైకిల్ తొక్కడంతో పోల్చి చూసిన చోట తేడా అంతగా నిలబడలేదు.

ఆస్ట్రేలియాలో 2014లో ఒక సరదా ప్రయోగం జరిగింది. కొందరిని చన్నీళ్ళలో కూర్చోబెట్టారు. ఇంకొందరిని గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టి, అందులో సబ్బులాంటిది కలిపి "ఇది రికవరీ ఆయిల్" అని నమ్మించారు. కాళ్ళ బలం తిరిగి రావడంలో రెండో జట్టు ఏమాత్రం తీసిపోలేదు. అంటే చన్నీళ్ళ మహిమలో మన నమ్మకం వాటా కూడా ఉంది.

అసలు ఆలోచించాల్సింది 2015 నాటి ఇంకో ఆస్ట్రేలియా అధ్యయనం. 12 వారాలు బరువులు ఎత్తిన మగవాళ్ళలో సగం మంది ప్రతి వర్కౌట్ తర్వాత 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కూర్చున్నారు, మిగతావాళ్ళు మెల్లగా సైకిల్ తొక్కారు. చివరికి చన్నీళ్ళవాళ్ళకి కండ, బలం తక్కువగా పెరిగాయి. తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా మొత్తం మీద ఇదే దిశలో ఉన్నాయి. పరుగు, సైక్లింగ్ లాంటి ఓర్పు వ్యాయామాల్లో మాత్రం అలాంటి నష్టం కనిపించలేదు. ప్రోటీన్ డబ్బాకి వేలు పోసి, స్క్వాట్లు కొట్టిన అరగంటలో ఐసులో కూర్చోవడమంటే ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకడమే.

బెణుకులకి ఐసు పెట్టడం గురించి కూడా మాట మారింది. 1978లో "రైస్" సూత్రాన్ని (విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం) చెప్పిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే, ఐసు వల్ల దెబ్బ మానడం ఆలస్యం కావచ్చని తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు.

డోపమైన్ 250 శాతం పెరుగుతుందని వీడియోల్లో చెబుతారు చూశారా? ఆ లెక్క 2000 సంవత్సరం నాటి ఒక అధ్యయనంలోది. అందులో మనుషులు 14 డిగ్రీల నీళ్ళలో గంటసేపు కూర్చున్నారు. మూడు నిమిషాల చన్నీళ్ళ షవర్‌కి ఆ అంకె అతికించడం తప్పు.

### మన ఊళ్ళో 15 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?

వేసవిలో మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళతో మధ్యాహ్నం స్నానం చేస్తే ఒళ్ళు కాలుతుంది. డిసెంబరులో కూడా హైదరాబాద్ కుళాయి నీళ్ళు 20 డిగ్రీల దగ్గర్లోనే ఉంటాయి, విజయవాడ, విశాఖల్లో ఇంకా వెచ్చన. కాబట్టి ఐసు కొనాల్సిందే. ఎంత? 28 డిగ్రీల నీళ్ళు 100 లీటర్లు 15కి దించాలంటే లెక్క ప్రకారం సుమారు 14 కిలోల ఐసు కరగాలి. 200 లీటర్ల నీలం డ్రమ్ములో మనిషి కూర్చుంటే 100–120 లీటర్ల నీళ్ళు చాలు. ఫ్రిజ్ ట్రేల్లోని ముక్కలు అందులో వేస్తే కనిపించను కూడా కనిపించవు. పాత రెండు లీటర్ల సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి, ఏడెనిమిది వేయడం చౌకైన దారి. ఫ్రీజర్ అంత పెద్దది కావాలి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. చేపలకి వాడే ఐసు దిమ్మ తెచ్చుకుంటే ఆ నీళ్ళు నోట్లోకి, పుండ్ల మీదకి పోకుండా చూసుకోండి.

థర్మామీటర్ లేకుండా చేయకండి. "చల్లగా ఉన్నాయి" అని చెయ్యి పెట్టి చూస్తే 8కీ 15కీ తేడా తెలీదు.

దిగిన మొదటి అర నిమిషమే గండం. ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది, మన చేతిలో ఉండదు. గుండె వేగం, బీపీ ఎగుస్తాయి. మెడ దాకా ఒకేసారి దూకకుండా, కాళ్ళు, తర్వాత నడుము, ఊపిరి మెల్లగా వదులుతూ దిగాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి దారికొస్తుంది. తల ముంచొద్దు. పక్కన మనిషి లేకుండా వద్దు. చెరువులో, కాలువలో, గోదావరిలో "సహజంగా" చేద్దామనుకుంటే ఆ మొదటి ఊపిరికి నీళ్ళు లోపలికి పోతాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా మునిగేది అలాగే. బయటికొచ్చాక కూడా ఒళ్ళు ఇంకా కొంతసేపు చల్లబడుతూనే ఉంటుంది, వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. వెంటనే బండి తీయకండి.

### డ్రమ్ము అక్కర్లేనివి

కుళాయి చన్నీళ్ళ స్నానం నొప్పికి చేసేది తక్కువే. వేసవి పరుగు తర్వాత ఒళ్ళు చల్లబడటానికి, ఆకలి పుట్టడానికి, రాత్రి నిద్ర పట్టడానికి మాత్రం బాగుంటుంది. బకెట్టులో పిక్కల దాకా కాళ్ళు పెట్టుకోవడం మధ్యేమార్గం. పరుగువాళ్ళకి కావలసిన చోటికే చల్లదనం తగులుతుంది, రెండు మూడు కిలోల ఐసు చాలు, గుండెకి షాకు కూడా తక్కువ. నాకు నచ్చేది ఇదే.

వేన్నీళ్ళని ఎందుకో ఈ పోటీలోంచి తీసేశారు. బిగుసుకుపోయిన కండరానికి వేన్నీళ్ళు హాయినిస్తాయి, కండ పెరుగుదలకి అడ్డుపడినట్టు ఆధారం లేదు. జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పెట్టే వేన్నీళ్ళ కాపడమే ఐసు డ్రమ్ము కంటే తెలివైన పని. కొత్తగా బెణికి, వాచి ఉన్న చోట మాత్రం మొదటి రెండు రోజులు వేడి వద్దు.

## ఒక్క చూపులో

| పద్ధతి | మర్నాటి నొప్పికి | కండ, బలానికి | తంటా | చూసుకోవాల్సింది |
|---|---|---|---|---|
| బూట్లతో మెల్లగా నడక | కాసేపు హాయి | నష్టం లేదు | ఏమీ లేదు | ఏమీ లేదు |
| గడ్డిలో ఒట్టికాళ్ళ నడక | కాసేపు హాయి | నెలల మీద పాదానికి బలం | చోటు దొరకాలి | ముళ్ళు, మడమ నొప్పి, షుగర్ |
| కుళాయి చన్నీళ్ళ స్నానం | కొద్దిగా | పెద్ద తేడా లేదు | లేదు | చలికాలంలో బీపీ |
| బకెట్టులో పిక్కల దాకా | కొంత | బరువుల రోజున వద్దు | తక్కువ | తిమ్మిర్లు ఉన్నవాళ్ళు |
| ఐసు డ్రమ్ము, 10–15 డిగ్రీలు | ఊరికే కూర్చోవడం కంటే మేలు | బరువుల తర్వాత నష్టం | చాలా | గుండె, బీపీ, ఒంటరిగా వద్దు |
| వేన్నీళ్ళు | కొంత హాయి | నష్టం లేదు | తక్కువ | కొత్త వాపు, షుగర్ ఉంటే కాలే ప్రమాదం |

## ఇక మీరు ఎవరు?

కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్లకి తయారవుతున్నవాళ్ళు. మీ డబ్బు ఐసుకి కాదు, బూట్లకీ తిండికీ పెట్టాలి. 1600 మీటర్లకి నెలల తరబడి చేసే సాధనలో ఒంటికి అలవాటు పడే అవకాశం ఇవ్వాలి, ప్రతి నొప్పినీ చల్లార్చనక్కర్లేదు. చాలామంది గ్రౌండ్‌లో మొదటి నుంచీ ఒట్టికాళ్ళతోనే పరిగెత్తుతారు. ఊళ్ళో చిన్నప్పటి నుంచి అలా తిరిగినవాళ్ళకి అది చెల్లుతుంది. పట్నంలో బూట్లతో పెరిగి, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టినవాళ్ళు వాళ్ళని చూసి బూట్లు విప్పేస్తే, ఈవెంట్ల నాటికి ముంగాలి ఎముక నొప్పితో కూర్చుంటారు. వార్మప్ చివర గడ్డిలో ఒకటి రెండు చుట్లు నడవండి, పరుగు బూట్లతోనే.

కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ టోర్నమెంట్లు ఆడేవాళ్ళు. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, మర్నాడు సెమీస్. ఐసు నీళ్ళకి నిజమైన చోటు ఇది. ఆ రెండు రోజుల్లో కండ పెరగక్కర్లేదు, కాళ్ళు కదిలితే చాలు. రోజు ఆట అంతా ముగిశాక పది నిమిషాలు కూర్చోండి. రెండు మ్యాచ్‌ల మధ్య అరగంట విరామంలో మాత్రం వద్దు, చల్లబడిన కండరంలో వేగం ఉండదు. టోర్నమెంటు అయ్యాక మానేయండి.

జిమ్‌లో బరువులు ఎత్తేవాళ్ళు. చన్నీళ్ళలో మునగడం మీకు కాదు. అలవాటైపోయి వదల్లేకపోతే వర్కౌట్ లేని రోజుకి మార్చుకోండి. లెగ్ డే మర్నాడు ఇరవై నిమిషాల నడక, రాత్రి వేన్నీళ్ళు చాలు. చెప్పులున్నా లేకపోయినా పర్లేదు.

హాఫ్, ఫుల్ మారథాన్ వాళ్ళు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఫ్లైఓవర్లు దిగాక తొడలు ఎలా ఉంటాయో పరిగెత్తినవాళ్ళకి తెలుసు. రేసు రోజు సాయంత్రం చన్నీళ్ళు తీసుకోవచ్చు. శిక్షణ వారాల్లో ఎప్పుడో ఒకసారి, రోజూ అక్కర్లేదు. ఒట్టికాళ్ళ నడక రేసు తర్వాతి రెండు మూడు రోజులు మానండి. అలసిన పిక్కల మీద ఇంకా బరువెందుకు? ఆఫ్ సీజన్‌లో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే మీకు దానితో లాభం ఉంది.

ఇక్కడ ఒక్క మినహాయింపు. ఎండలో పరిగెత్తి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తున్న మనిషిని చన్నీళ్ళలో ముంచడం రికవరీ కాదు, ప్రాణం కాపాడటం. ఆ వడదెబ్బకి ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రికి తరలించడం, ఆ వరుసలోనే. తల నీళ్ళలోకి జారకుండా ఒకరు పట్టుకోవాలి. పైన చెప్పిన డిగ్రీల లెక్కలు అప్పుడు చూడక్కర్లేదు.

యాభై దాటి, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళు. మీ వ్యాయామానికి ఐసు అవసరమయ్యేంత నొప్పి రాకూడదు. వస్తే నడక ఎక్కువైందని అర్థం. ఒట్టికాళ్ళతో శుభ్రమైన గడ్డిలో కాసేపు నడిస్తే బ్యాలెన్స్‌కి మంచిది. షుగర్ ఉండి అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు ఉంటే మాత్రం ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినండి. ముల్లు గుచ్చుకున్నా తెలియని కాలికి చిన్న పుండే పెద్దదవుతుంది. అలాంటి కాళ్ళని ఐసు బకెట్టులో పెట్టడమూ ప్రమాదమే, వేన్నీళ్ళలో పెట్టడమూ ప్రమాదమే.

రెండూ కలిపి కావాలంటే పాత దారి ఒకటుంది. 19వ శతాబ్దంలో జర్మనీలోని వోరిషోఫెన్‌లో సెబాస్టియన్ క్నైప్ అనే క్రైస్తవ ఫాదర్ జనాన్ని మంచు గడ్డిలో చెప్పుల్లేకుండా నడిపించేవాడు, మోకాలి లోతు చన్నీళ్ళలో కొంగలా కాళ్ళు ఎత్తి ఎత్తి వేయించేవాడు. జర్మన్ ప్రకృతి వైద్యం మనకి కొత్తదేం కాదు, లూయీ కూనే అనే జర్మన్ ప్రకృతి వైద్యుడి రచన 1894లోనే తెలుగులోకి వచ్చింది. క్నైప్ చెప్పిన రోగాల జాబితా పక్కన పెడితే, పిక్కల దాకా నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు నడవడం ఖర్చు లేని, ప్రమాదం తక్కువైన పని. ఇంట్లో పెద్ద టబ్బు ఉంటే చాలు, కింద జారకుండా మ్యాట్ వేసుకోండి.

## వీళ్ళు మాత్రం ఆగాలి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, చలికి వేళ్ళు తెల్లబడి మొద్దుబారడం, చన్నీళ్ళు తగిలితే దద్దుర్లు రావడం, గర్భం: ఇవి ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఐసు నీళ్ళ జోలికి పోవద్దు. మద్యం తాగి అసలే వద్దు.

ఇంకొకటి. మొదటిసారి అతిగా కసరత్తు చేసిన తర్వాత కండరాలు రాయిలా వాచి, నొప్పి రోజురోజుకీ పెరుగుతూ, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్ళు నొప్పి కాదు. కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. నడకా వద్దు, ఐసూ వద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.